గుడ్డి ధార దగ్గర వణికే లారీ

ఎలోవిత్స ఊరి నుంచి సముద్రం వైపు దిగే దారిలో గుడ్డి ధార అని ఒక చోటుంది. చీకటి పడ్డాక అక్కడ బండి ఆపే మనిషి మా స్త్రాంజా కొండల్లో ఇవాళ్టికీ లేడు.

పేరుకే ధార. రోడ్డు వార, ముసలి అక్రోటు చెట్టు కింద ఒక రాతిగోడ. గోడలోంచి బయటికొచ్చిన రెండు ఇనప గొట్టాలు. వాటి కింద పశువులు తాగడానికి రాతి తొట్టి. పోయిన కొడుకు పేరున ఏ తల్లో కట్టించిందట. ఆ కొడుకు పేరు రాతిమీద అరిగిపోయింది, తల్లి పేరు ఎవరికీ గుర్తులేదు. నీళ్ళు రావడం మానేసి ఎన్నేళ్ళయిందో... చూపు పోయిన కళ్ళలా ఆ రెండు గొట్టాలు మాత్రం రోడ్డుకేసే చూస్తుంటాయి.

ఆ చోటు గురించి చెప్పుకునే మాటలకి అంతులేదు. మంద అక్కడికొచ్చేసరికి గొర్రెలు తమంతట తామే రోడ్డు అవతలి వారకి జరిగిపోతాయని కాపర్లు చెబుతారు. ఖాళీ బస్సు తోలుకొస్తుంటే ఎవరో ఎక్కినట్టు వెనక్కి కుంగిందని ఒక డ్రైవరు చెప్పాడు. ఆ తరవాత ఆయన ఆ రూటే మానుకున్నాడు. ఇవన్నీ పాత మాటలు. నవ్వుతూ వినేవాళ్ళు కూడా ఉండేవాళ్ళు. కిందటి ఆకురాలే కాలంలో నైదెన్ పోయాక మాత్రం, వాళ్ళూ నవ్వడం మానేశారు.

నైదెన్ తేనెటీగలు పెంచేవాడు. లారీ నిండా తేనెపెట్టెలు ఎక్కించుకుని, ఎక్కడ ఏ పువ్వు విచ్చితే అక్కడికి తీసుకెళ్ళేవాడు. ఒక రాత్రి పెట్టెలు దించేసి ఒంటరిగా తిరిగొస్తూ, గుడ్డి ధార దగ్గర లారీ పక్కకి తీసి ఆపాడు. ఎందుకు ఆపాడో ఎవరికీ తెలీదు. తెల్లారి కట్టెలకి వెళ్ళేవాళ్ళు చూసేసరికి స్టీరింగు మీద తల వాల్చి ఉన్నాడు. ఒళ్ళు చల్లబడిపోయింది. ఇంజను ఇంకా తిరుగుతూనే ఉంది...

గుండె ఆగిపోయిందన్నాడు డాక్టరు. ఊరు ఆ మాట విన్నది గానీ నమ్మలేదు.

ఆ లారీని తెచ్చి పెరట్లో నిలబెట్టారు. చలికాలమంతా దానిమీద మంచు కురిసింది. నైదెన్ భార్య వెలికా వంటింటి కిటికీలోంచి దాన్ని చూస్తూ కూర్చునేది. నలభై దాటిన మనిషి, పిల్లల్లేరు. ఇంట్లో మిగిలింది ఆవిడా, మామగారు వల్కోనూ. పోయిన నలభయ్యోనాడు ఆనవాయితీ ప్రకారం ఉడకబెట్టిన గోధుమలు పంచారు. చావు కబురుగా గేటుకి అంటించిన నైదెన్ ఫోటో కాయితం వానకి తడిసి, ఎండకి వెలిసి, కళ్ళూ మీసమూ తప్ప ఏమీ మిగల్లేదు.

మంచు కరిగాక తేనెటీగలు బయటికొచ్చాయి. వాటికి మన ఏడుపుతో పనేముంది? వాటికి పువ్వులు కావాలి.

"అమ్మాయ్, బండి తియ్యాలి," అన్నాడు వల్కో.

ఆయన వెనకటికి ఉమ్మడి పొలాల ట్రాక్టర్లు బాగుచేసేవాడు. ఇప్పుడు నడుము వంగిపోయింది, దగ్గరి చూపు మందగించింది. చలికాలంలో వేద్దామని నైదెన్ కొనిపెట్టుకున్న సామాను కొట్టంలో అలాగే ఉంది. మామా కోడలూ కలిసి పెరట్లోనే పని మొదలుపెట్టారు. వెనక బ్రేకులు మార్చారు. కమాను పట్టీలు మార్చారు. ఇంజను తిప్పుని వెనక చక్రాలకి మోసుకెళ్ళే షాఫ్టు ఉంటుందే, పొడవాటి ఇనప గొట్టం, దాన్ని రెండు ముక్కలుగా ఊడదీసి, ముక్కలు కలిసే జాయింట్లకి సిలువ ఆకారపు కొత్త క్రాసులు వేశారు. నైదెన్‌కి బండి కింద కూడా శుభ్రంగా ఉండాలి. ఆ సంగతి తలుచుకుని వెలికా ఆ రెండు ముక్కలకీ నల్లరంగు వేసింది. రంగు ఆరాక వల్కో వెల్లకిలా పడుకుని, చేత్తో తడుముకుంటూ మళ్ళీ బిగించాడు.

లారీ కదిలింది. ఊళ్ళో మూడు వీధులూ తిరిగొచ్చింది. కొండ మలుపుల్లో కిందికీ పైకీ తిప్పి చూశారు. ఎక్కడా చిన్న చప్పుడు కూడా లేదు.

ఆవ చేలు పూతకొచ్చాయి. పొద్దు గుంకి ఈగలన్నీ గూటికి చేరాక పెట్టెల నోళ్ళు మూసి, లారీకెక్కించి, తాళ్ళు బిగించింది వెలికా. పొలాల దగ్గర దించుకోడానికి కూలీలు ఉంటారు. దారిలో మాత్రం ఒక్కతే.

మలుపులు... మలుపులు... ఆఖరి మలుపు తిరగ్గానే రోడ్డు బాణంలా సాగిపోయింది. వెలికా గేరు మార్చింది. మీటరు ముల్లు డెబ్బై దాటింది. ముందు లైట్ల వెలుగు చివర అక్రోటు చెట్టు నల్లగా లేచింది...

అటు చూడకూడదనుకుంది.

ముల్లు ఎనభై తాకింది.

సరిగ్గా అప్పుడే... సీటు కింద ఏదో వణికింది.

ముందు సన్నగా. చలిజ్వరం వచ్చిన మనిషి ఒళ్ళులాగా. తరవాత గట్టిగా. నడుములోకి పాకింది, పళ్ళలోకి పాకింది. పక్క సీటు తనంతట తనే దడదడలాడుతోంది. వెనక పెట్టెల్లో వేలవేల ఈగలు ఒక్కసారిగా గుయ్‌మన్నాయి. అలాంటి చప్పుడు ఆవిడ ఎప్పుడూ వినలేదు...

కాలు తీసేసింది. లారీ నెమ్మదించింది. చెట్టు వెనక్కి పోయింది. వణుకు ఆగిపోయింది - ఏమీ జరగనట్టు.

తెల్లారి తెరిచి చూస్తే రెండు పెట్టెల్లో తేనెపట్లు విరిగి కూలిపోయాయి. తేనెలో మునిగి రాణులతో సహా ఈగలన్నీ చచ్చిపోయాయి.

విరిగిన పట్లు లారీలో వేసుకుని ఇంటికొస్తే, పక్కింటి కేరా గేటు దగ్గరే పట్టుకుంది.

"అక్కడేనా?"

"ఎక్కడ కేరా అక్కా?"

"నా దగ్గర దాచకు వెలికా. గుడ్డి ధార దగ్గరేనా?"

వెలికా తలూపింది.

"చచ్చినవాడు తేనె కోసం వస్తాడా ఏంటి అని మా ఆయన పైకి ఒకటే నవ్వు. అలా నవ్విన మొగాడే నిన్న రాత్రి కొండ చుట్టూ తిరిగి మఠం దారిన కొంపకి చేరాడు!" కేరా గొంతు తగ్గించింది. "నైదెన్ బతికుండగా ఈ బండి ఎప్పుడన్నా వణికిందా? లేదు కదా... వదల్లేదే నిన్ను. అక్కడే కూర్చున్నాడు."

చక్రాల్లో తేడా ఏమోనని లారీని పట్నం తీసుకెళ్ళి విప్పించింది వెలికా. యంత్రం మీద తిప్పి, అంచులకి సీసం ముక్కలు కొట్టి, తూకం సరిచేశారు. ఇంక ఏ తేడా ఉండదమ్మా అన్నారు. తిరిగొస్తూ, చీకటి పడే వేళ, ఆ తిన్నని రోడ్డు మీద ఎనభై దాకా తోలింది...

వణికింది. అలాగే. అక్కడే.

ఇంటికొచ్చి మామగారితో ఏమీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో మొదట తనకే తెలీలేదు. మంచం మీద పడుకున్నాక తెలిసింది. తను భయపడలేదు. అసలు... ఎప్పుడు మళ్ళీ వెళ్దామా అని ఉంది.

మర్నాడు రాత్రి వల్కో పడుకున్నాక, పెట్టెల్లేకుండా ఖాళీ లారీ తీసింది.

ఆఖరి మలుపు. తిన్నని రోడ్డు. డెబ్బై... ఎనభై...

వచ్చింది.

ఈసారి కాలు తియ్యలేదు. స్టీరింగు మీద చేతులు తేలిగ్గా ఆనించి చూసింది. స్టీరింగులో ఏమీ లేదు, నిశ్చలంగా ఉంది. వణుకంతా కిందనుంచి, సీట్లలోంచి. క్లచ్చి తొక్కి గేరు న్యూట్రల్‌లోకి జార్చింది. ఇంజను గొంతు పడిపోయి, గుసగుసలా మిగిలింది. లారీ తన ఊపు మీద తను పోతోంది...

ఇంజను లాగడం లేదు. అయినా వణుకు ఆగలేదు.

పక్కన ఎవరో కూర్చుని వణుకుతున్నట్టే ఉంది. చలి రాత్రి, ఒంటరిగా, తెల్లారేదాకా కూర్చున్న మనిషి వణికినట్టు...

వెలికా పక్క సీటుకేసి తల తిప్పలేదు. తిప్పితే లేకపోతే?

"నైదెన్..." అంది మెల్లగా. "చలేస్తోందా?"

చెట్టు వెనక్కి పోయింది. లారీ నెమ్మదించింది. వణుకు సన్నగిల్లి... సన్నగిల్లి... ఆగింది.

ఆ తరవాత రోజూ వెళ్ళింది. నైదెన్ ఉన్ని కోటు తీసుకెళ్ళి పక్క సీటు మీద పరిచింది. పగలంతా ఏం జరిగిందో చెప్పేది. ఏ పెట్టెలో రాణి ముసలిదైంది, కేరా కోళ్ళు ఎవరి పెరట్లో దూరాయి, మామయ్య మోకాళ్ళు ఎలా ఉన్నాయి... చెప్పడానికి ఉండేది ఆ తిన్నని రోడ్డు అంత సేపే. మలుపులొస్తే అతను వెళ్ళిపోయేవాడు. అందుకని గబగబా చెప్పేది. చెప్పడం అయిపోకపోతే వెనక్కి తిప్పి, మళ్ళీ ఎనభై తోలేది.

వెలికా మొహం కాస్త తేటపడిందని ఊళ్ళో అనుకున్నారు.

ఒకరోజు తిరిగొచ్చి లైట్లు ఆర్పేసరికి, గేటు పక్క బల్ల మీద వల్కో కూర్చుని ఉన్నాడు.

"డీజిలు ఎక్కడికి పోతోందమ్మాయ్?"

వెలికా లారీ దిగి తలుపు మూసింది.

"ఎవరన్నా ఉంటే చెప్పు. నేనేమీ అనుకోను. నీ వయసేం మించిపోయింది?"

"ఉన్నాడు మామయ్యా," అంది వెలికా. "మీ అబ్బాయే."

అంతా చెప్పింది. ముసలాయన చివరిదాకా విన్నాడు. మధ్యలో ఒక్కసారి చేత్తో మొహం తుడుచుకున్నాడు. ఆ తరవాత లేచి, లారీ తలుపు పట్టుకుని కష్టంగా పైకెక్కాడు. కోటు తీసి ఒళ్ళో పెట్టుకుని, ఆ సీట్లో కూర్చున్నాడు.

"పద. నాకూ చూపించు."

ఆఖరి మలుపు. తిన్నని రోడ్డు. ఎనభై...

వల్కో గడ్డం వణికింది. కోటు మీద చేతులు వణికాయి. కళ్ళు మూసుకున్నాడు. ఆయన పెదాలు కదలడం వెలికా చూసింది.

"చూశారా?" అంది గుసగుసగా.

ఆయన కళ్ళు తెరిచాడు. తెరిచినవి తండ్రి కళ్ళు కావు, ట్రాక్టర్లు బాగుచేసిన మనిషి కళ్ళు.

"చేతుల్లో తెలుస్తోందా, సీట్లోనా?"

"సీట్లో."

"న్యూట్రల్‌లో?"

"ఆగదు."

"ఆ చివరిదాకా పోయి వెనక్కి తిప్పు. తిప్పి, వెంటనే ఎనభై అందుకో."

తిప్పింది. అక్రోటు చెట్టు ఎక్కడో దూరంగా, చుక్కలా ఉంది. ముల్లు ఎనభైకి రాగానే బండి వణకడం మొదలుపెట్టింది.

"చూడు... ధార ఇంకా అంత దూరాన ఉంది."

"ఎదురొచ్చాడేమో మామయ్యా."

మలుపుల్లో పడ్డాక ముసలాయన మెల్లగా అన్నాడు.

"మన కొండల్లో అన్నీ మలుపులే అమ్మాయ్. నలభై దాటం, యాభై దాటం. మొత్తం దారిలో బండి ఎనభై అందుకునేది ఆ ఒక్క చోటే."

తెల్లారాక లారీ కింద గోనెపట్టా పరుచుకుని దూరాడు. వెలికా పక్కన మోకాళ్ళమీద కూర్చుంది. ఆయన కత్తి మొనతో షాఫ్టు మీది నల్లరంగు గీకుతున్నాడు. గీకి, గ్రీజు తుడిచి, వేలితో తడిమి చూశాడు.

"లైటు ఇటు పట్టు."

ఇనుము మీద చిన్న బాణం గుర్తు. రెండో ముక్క మీదా అలాంటిదే ఇంకొకటి. షాఫ్టు రెండు ముక్కలూ కలిసేచోట ఆ రెండు బాణాలూ ఎదురెదురుగా ఉండాలి. అప్పుడే రెండు జాయింట్లూ ఒకదానితో ఒకటి కలిసి తిరుగుతాయి. ఒకటి ఇటు, ఒకటి అటు ఉన్నాయి. నెమ్మదిగా పోయినంతసేపూ తెలీదు. వేగం అందుకుంటే ఒకటి లాగుతుంటే ఇంకొకటి తోస్తుంది.

"రంగు కింద కనపడలేదు నాకు," అన్నాడు వల్కో. "చేత్తో తడిమి పెట్టేశాను. వాడు బతికుండగా వణకలేదంటే, బతికుండగా మనం దీనికింద చెయ్యి పెట్టలేదు మరి."

వెలికా వేలితో ఆ బాణాలు తడిమింది. లోపల ఏదో రెండోసారి చచ్చిపోతున్నట్టుంది.

"మామయ్యా... అలాగే ఉంచెయ్యండి."

"ఏంటీ?"

"అలాగే ఉంచండి. ఈగల్ని తోలుకెళ్ళేటప్పుడు నెమ్మదిగా పోతాను. ఉత్తప్పుడే..."

వల్కో బండి కిందనుంచి పాక్కుంటూ బయటికొచ్చాడు. జుట్టునిండా మట్టి. లేచి నిలబడలేక చక్రానికి ఆనుకుని నేలమీదే కూర్చున్నాడు.

"ఆ క్రాసు ఏదో ఒక రోజు విరుగుతుంది. ఎనభైలో పోతుంటే షాఫ్టు ముందు కొస ఊడి రోడ్డులో దిగబడుతుంది. బండి ఎగిరి పల్టీ కొడుతుంది." ఊపిరి తీసుకున్నాడు. "వాడు నీ పక్కన కూర్చున్నాడనే అనుకుందాం అమ్మాయ్. నేను మాత్రం ఈ ఇంట్లోంచి ఇంకొకళ్ళని మోసుకెళ్ళి పూడ్చలేను."

వెలికా లేచి, పానాల పెట్టె తెచ్చి, ఆయన పక్కన పెట్టింది.

ఈసారి రెండు బాణాలూ ఎదురెదురుగా వచ్చేలా తనే బిగించింది.

వేసవి ముదిరింది. పొద్దుతిరుగుడు చేలు విచ్చాయి. చీకటి పడ్డాక పెట్టెలు ఎక్కించుకుని మామా కోడలూ కలిసే బయల్దేరారు. వెలికా ఒక కొవ్వొత్తి తెచ్చుకుంది.

"ధార దగ్గర ఒక్క నిమిషం ఆపి, ఇది వెలిగించి వస్తాను మామయ్యా. ఇన్నాళ్ళూ ఆపనేలేదు."

"సరే," అన్నాడు వల్కో. ఆ చోటంటే ఆయనకి ఎప్పుడూ భయం లేదు. దెయ్యాలూ లేవు, దేవుడూ లేడు అనే మనిషి. కొడుకుని పూడ్చిన రోజున కూడా సిలువ గుర్తు వేసుకోలేదు.

ఆఖరి మలుపు. తిన్నని రోడ్డు...

డెబ్బై.

ఎనభై.

ఏమీ లేదు.

లారీ పట్టుగుడ్డ మీద పోతున్నట్టు పోతోంది. వెనక ఈగలు నిద్రలో ఉన్నట్టు సన్నగా మూలుగుతున్నాయి. సీటు ఉత్త సీటు. అంతే. వెలికా కళ్ళు నిండిపోయాయి. రోడ్డు మసకబారింది. ఒక చేత్తో కళ్ళు తుడుచుకుంటూ, ఆపడానికి కాలు బ్రేకు మీదికి తెచ్చింది. చెట్టు దగ్గరికొస్తోంది... దగ్గరికొస్తోంది... లారీ నెమ్మదిస్తోంది...

మణికట్టు మీద ఇనప పట్టు పడింది.

"ఆపకు."

"మామయ్యా?"

"ఆపకమ్మాయ్... పోనీ."

ఆయన మొహం తన వైపు కిటికీకేసి ఉంది. ధార ఉన్న వైపు. గొంతు మాత్రం ఆయనది కాదు.

"పోనీ! తొక్కు!"

వెలికా తొక్కింది. లారీ ఊపందుకుని చెట్టు నీడలోంచి దూసుకుపోయింది. పక్క అద్దంలోకి చూడబోతే వల్కో అరచెయ్యి అద్దానికి అడ్డం పెట్టాడు. తిన్నని రోడ్డు అయిపోయేదాకా ఆ చెయ్యి తియ్యలేదు. తీశాక... ఆ చేత్తోనే సిలువ గుర్తు వేసుకున్నాడు. ఒకసారి కాదు. మళ్ళీ మళ్ళీ.

పొలాల దగ్గర కూలీలు పెట్టెలు దించారు. ఒక్క పట్టు కూడా విరగలేదు. తూర్పు తెల్లబడింది. వెలికా పెట్టెల నోళ్ళు తెరిచింది. ఈగలు ఒక్కొక్కటే బయటికొచ్చి, కొత్త చోటు చూసుకుని, పువ్వులకేసి ఎగిరిపోతున్నాయి. వల్కో లారీ మెట్టు మీద కూర్చుని పుదీనా టీ తాగుతున్నాడు.

వెలికా వచ్చి పక్కన కూర్చుంది.

"మామయ్యా... ఏం చూశారు?"

ఆయన గ్లాసు దించాడు.

"ధార దగ్గర ఒకడు నిలబడి ఉన్నాడు. బండి ఆపమని చెయ్యెత్తాడు."

వెలికా ఆయన చెయ్యి పట్టుకుంది.

"నైదెనా?"

వల్కో మిగిలిన టీ నేలమీద పారబోశాడు.

"మొహం చూశారా మామయ్యా?"

"చూశాను కాబట్టే ఆపొద్దన్నాను," అన్నాడు వల్కో. "మనవాడైతే... ఆపమనేవాణ్ణి కదమ్మా."